పాత మోపెడ్‌కు ప్లాటినం పాయింట్లా, సీడీఐనా?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు పాత మోపెడ్లు ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. పాల క్యాన్లు మోసే టీవీఎస్ 50లు ఉన్నాయి, చేనికి పోయొచ్చే లూనాలు ఉన్నాయి, వరండాలో దుప్పటి కప్పి దాచుకున్న సువేగాలు కూడా ఉన్నాయి. వీటిలో చాలా వాటికి వచ్చే జబ్బు ఒకటే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఇట్టే స్టార్టవుతుంది. ఐదారు కిలోమీటర్లు పోయాక మిస్సింగ్ మొదలై ఆగిపోతుంది. కాసేపు వేపచెట్టు కింద పెడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. మెకానిక్‌ను అడిగితే "పాయింట్లు పీకేసి సీడీఐ ఏసేద్దామన్నా, తలనొప్పి పోతాది" అంటాడు. పాయింట్లంటే ప్లగ్గులో నిప్పు పడే క్షణాన తెరుచుకునే చిన్న లోహపు స్విచ్, సీడీఐ అంటే అదే పనిని ఎలక్ట్రానిక్ బాక్సుతో చేయించే ఏర్పాటు. సీడీఐ వేయించాలా వద్దా, వేయిస్తే ఏ రకం వేయించాలి అన్నది తేల్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బండి రోజూ బరువు మోసేదైతే, మ్యాగ్నెట్ (క్రాంక్ అనే ఇంజన్ ఇరుసు కొసన తిరిగే అయస్కాంత చక్రం), కాయిల్ ప్లేట్ (దాని లోపల కాయిల్స్ బిగించిన పళ్లెం), సీడీఐ బాక్సు, హెచ్‌టీ కాయిల్ (ప్లగ్గుకు వేల వోల్టులు పంపేది) నాలుగూ ఒకే ఇంజన్‌కు చెందిన పూర్తి సెట్టు సరిగ్గా కూర్చుంటుందని తేలితే వేయించండి. అపురూపంగా దాచుకున్న బండి అయితే పాయింట్లే ఉంచి, వాటికి తోడుగా ఉండే చిన్న కెపాసిటర్‌ను, అంటే కండెన్సర్‌ను మాత్రం ఇంజన్ బయటికి తెచ్చుకోండి. పాయింట్ల బదులు పెట్టుకోమని అమ్మే అగ్గిపెట్టెంత ఎలక్ట్రానిక్ మాడ్యూల్ మాత్రం చాలా మోపెడ్లకు పనికిరాదు. ఏది వేయించినా టైమింగ్‌ను, అంటే నిప్పు పడే సమయాన్ని, పిస్టన్ దగ్గర కొలిచి పెట్టాలి. సీడీఐ వేస్తే టైమింగ్ గొడవే ఉండదని అనుకోవడం వల్లనే ఎక్కువ పిస్టన్లు కాలిపోతున్నాయి.

అసలు జబ్బు ఎక్కడుంది

మార్చాలన్న నిర్ణయానికి ముందు మ్యాగ్నెట్ విప్పి పాయింట్లను దగ్గరగా చూడాలి. మ్యాగ్నెట్‌ను పుల్లర్‌తోనే లాగాలి. సుత్తితో కొడితే లోపలి అయస్కాంతాల బలం తగ్గొచ్చు, క్రాంక్ వంగొచ్చు. పాయింట్లను వేలితో తెరిచి ఎండలోకి తిప్పి చూడండి. ఆరోగ్యంగా ఉన్న పాయింట్ల ముఖాలు బూడిదరంగులో, సమంగా, కొంచెం మసకగా ఉంటాయి. ఒక ముఖం మీద చిన్న మొటిమలాంటి బుడిపె, రెండో ముఖం మీద దానికి సరిపోయే గుంట కనిపిస్తే ఒక వైపు లోహం కరిగి రెండో వైపుకు పోయిందన్నమాట. అప్పుడు మొదట అనుమానించాల్సింది కండెన్సర్‌ను. ముఖాలు నల్లగా, జిడ్డుగా ఉంటే క్రాంక్ ఆయిల్ సీల్ కారుతోంది. సీల్ మార్చకుండా ఇగ్నిషన్ ఎంత మార్చినా లాభం లేదు. సీల్ పోతే ఇంజన్‌లోకి గాలి కూడా దూరుతుంది. పెట్రోల్, గాలి మిక్చర్ పలచబడి ఇంజన్ మరీ వేడెక్కుతుంది. ఎర్రగుంట్ల, తాడిపత్రి దారుల్లో తిరిగే బండ్లలో ఇంకొకటి చూస్తాం. బండల ఫ్యాక్టరీల తెల్లపొడి పాయింట్ల మధ్య పేరుకుని ఉంటుంది. దానికి పెట్రోల్‌లో ముంచిన గట్టి కాగితం ముక్కతో ఒకసారి తుడిస్తే చాలు, కొత్త సెట్టు అక్కర్లేదు.

తర్వాత క్రాంక్ కొసను వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడండి. ఆట ఉంటే బేరింగులు అరిగాయి. పాయింట్ల గ్యాప్ అంటే సుమారు 0.4 మి.మీ. అంత చిన్న గ్యాప్ దగ్గర క్రాంక్ ఒక పదో వంతు మి.మీ. ఊగినా, చుట్టు చుట్టుకూ గ్యాప్ మారుతుంది, దాంతో టైమింగ్ కూడా డిగ్రీల లెక్కన మారుతుంది. సీడీఐ వేస్తే ఈ ఊగిసలాట ప్రభావం బాగా తగ్గుతుంది. అందుకే సీడీఐ వేసిన రోజు బండి కొత్తదానిలా పోతుంది. కానీ అరిగిన బేరింగు అరుగుతూనే ఉంటుంది, చివరికి మ్యాగ్నెట్ పోయి కాయిల్ ఇనుపకోర్‌కు రాసుకుంటుంది. డబ్బు తక్కువుంటే ముందు బేరింగులకూ సీళ్లకూ పెట్టండి.

పాయింట్లే ఉంచుకోవడం

మోపెడ్ మ్యాగ్నెటోకు బ్యాటరీ అక్కర్లేదు. మ్యాగ్నెట్ తిరుగుతుంటే దాని లోపలున్న ఎల్‌టీ (తక్కువ వోల్టుల) కాయిల్‌లో కరెంటు పుడుతుంది, మూసి ఉన్న పాయింట్ల గుండా చుట్టు తిరుగుతుంది. క్రాంక్‌తో పాటు తిరిగే గడ్డ, అంటే క్యామ్, పాయింట్లను తెరిచిన క్షణాన ఆ కరెంటు దారి తెగుతుంది, హెచ్‌టీ కాయిల్‌లో వేల వోల్టులు పుట్టి ప్లగ్గు దగ్గర నిప్పు పడుతుంది. పాయింట్లు తెరుచుకునేటప్పుడు అక్కడే నిప్పు రాకుండా చూసేది కండెన్సర్. అది సరిగ్గా ఉంటే దారి చటుక్కున తెగుతుంది, స్పార్కు బలంగా ఉంటుంది.

లోపం ఎక్కడంటే కండెన్సర్‌ను మ్యాగ్నెట్ లోపల, ఇంజన్ పక్కనే పెట్టడంలో ఉంది. మే నెలలో మన దగ్గర నీడలోనే 42, 43 డిగ్రీలు ఉంటుంది. ఇంజన్ ఆపిన వెంటనే తగిలే గాలి కూడా ఆగిపోయి ఆ వేడంతా లోపలే ఉండిపోతుంది. పాత కండెన్సర్ లోపలి ఇన్సులేషన్ వేడికి లీకవుతుంది, చల్లారాక మళ్లీ పనిచేస్తుంది. చెట్టు కింద పెడితే స్టార్టయ్యే జబ్బుకు చాలాసార్లు కారణం ఇదే. అప్పుడప్పుడు ఎల్‌టీ కాయిలే వేడికి పోతుంటుంది. కండెన్సర్ మార్చాక కూడా అదే జబ్బు ఉంటే ఇక కాయిల్ వైపు చూడాలి.

మందు సులువే. కండెన్సర్‌ను ఇంజన్ బయట, హెచ్‌టీ కాయిల్ పక్కన, గాలి తగిలే చోట బిగించాలి. ఒక కొస కాయిల్ ప్లేట్ నుంచి వచ్చే వైరుకు, ఇంకో కొస బాడీ ఎర్త్‌కు. ఎర్త్ దగ్గర పెయింటు గీకి, మెరిసే ఇనుము మీద బిగించాలి. లోపలి పాతదాన్ని తప్పనిసరిగా తీసేయాలి, లేదా దాని వైరు తెంపాలి. అది లీకవుతూ లోపలే ఉంటే బయట ఎంత మంచిది పెట్టినా ఉపయోగం లేదు. విలువ 0.2 నుంచి 0.3 మైక్రోఫ్యారడ్ ఉండాలి. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరికే 0.22 మైక్రోఫ్యారడ్, 630 వోల్టుల పాలీప్రొపిలీన్ కెపాసిటర్ బాగా పనిచేస్తుంది. ఫ్యాన్ కెపాసిటర్ కట్టేవాళ్లు కూడా ఉన్నారు, అది మాత్రం వద్దు. ఫ్యాన్‌కు వాడేది 2.5 మైక్రోఫ్యారడ్ దగ్గర ఉంటుంది, అంటే కావాల్సినదానికి పది రెట్లు. బండి స్టార్టవ్వొచ్చు గానీ స్పార్కు నీరసంగా ఉంటుంది, పాయింట్లు కూడా త్వరగా చెడతాయి.

సువేగా ఉన్నవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే దారి. ఆ బండి మన రాయలసీమలో, తిరుపతిలో, మోపెడ్స్ ఇండియా కంపెనీలో తయారైంది. మూలం ఫ్రాన్స్‌కు చెందిన మోటోబెకాన్ వాళ్ల మోబిలెట్. అలాంటి ఇంజన్‌కు కోత పెట్టి, వేరే బండి మ్యాగ్నెట్ ఇరికించడం నాకు మనసొప్పదు. కొన్ని పాత మ్యాగ్నెటోల్లో హెచ్‌టీ కాయిల్ కూడా మ్యాగ్నెట్ కిందే ఉంటుంది. అది పోతే మాత్రం ఖాళీ అయిన చోట ఎల్‌టీ కాయిల్ వైండింగ్ చేయించి, హెచ్‌టీ కాయిల్‌ను బయట పెట్టుకోవచ్చు. పాయింట్లు మాత్రం అలాగే ఉంచొచ్చు. ఇలా చేసిన బండి మళ్లీ కావాలంటే అసలు రూపానికి తిరిగొస్తుంది.

పాయింట్లకు ఖర్చు వందల్లోనే, కానీ చూసుకుంటూ ఉండాలి. క్యామ్‌ను తడిపే చిన్న ఫెల్ట్ ముక్కకు ఒక్క చుక్క నూనె, గ్యాప్ అప్పుడప్పుడు ఫీలర్ గేజ్‌తో (సందులో పెట్టి కొలిచే పలుచటి రేకులు) చూడడం. పాయింట్ మీద క్యామ్‌కు రాసుకునే ఫైబర్ ముక్క అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, టైమింగ్ వెనక్కి పోతుంది. బండి రోజురోజుకీ కొంచెం కొంచెంగా నీరసపడుతుంటే ముందు దీన్నే చూడాలి.

చిన్న మాడ్యూల్ ఎందుకు వద్దంటున్నాను

పాయింట్లు తీసేసి, ఎల్‌టీ వైరుకు ఈ మాడ్యూల్ కలపండి చాలు, ఇంకేమీ మార్చక్కర్లేదని చెప్పి అమ్ముతారు. గడ్డి కోసే మిషన్లు, చెట్లు కోసే రంపాలకు ఇవి నిజంగానే చక్కగా పనిచేస్తాయి. ఆ ఇంజన్ల మ్యాగ్నెట్‌లో ఒక చోటే అయస్కాంతం ఉంటుంది, చుట్టుకు ఒక్కసారే కాయిల్ ముందు నుంచి పోతుంది. కాయిల్ వోల్టేజి ఒక స్థాయికి లేవగానే మాడ్యూల్ కరెంటు తెంపేస్తుంది, ఒక్క స్పార్కు పడుతుంది.

మోపెడ్ మ్యాగ్నెట్ అలా ఉండదు. లైట్లకూ కరెంటు కావాలి కాబట్టి చుట్టూ నాలుగో ఆరో అయస్కాంతపు ముఖాలు ఉంటాయి. నాలుగున్నచోట చుట్టుకు రెండుసార్లు, ఆరున్నచోట మూడుసార్లు ఒకే రకం పల్స్ వస్తుంది. వాటిలో ఏది అసలైనదో పాయింట్లకు తెలుసు, ఎందుకంటే క్యామ్ వాటిని ఒక్కచోటే తెరుస్తుంది. మాడ్యూల్‌కు ఆ తేడా తెలియదు. ప్రతి పల్స్‌కూ స్పార్కు కొడుతుంది. టూ స్ట్రోక్‌లో పిస్టన్ కిందున్నప్పుడు, కొత్త మిక్చర్ పోర్టుల్లోంచి వస్తున్న సమయంలో కూడా నిప్పు పడితే సైలెన్సర్‌లో ఢామ్మని పేలుతుంది, వెనక్కి ఎగదన్నుతుంది. చేతిలో ఉన్న మ్యాగ్నెట్ ఎలాంటిదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఒక చిన్న ఇనుప మేకును దారానికి కట్టి లోపలి గోడ వెంట చుట్టూ తిప్పండి, ఎన్నిచోట్ల అతుక్కుంటుందో లెక్కపెట్టండి. రెండుచోట్లకు మించి ఉంటే మాడ్యూల్ ఆలోచన మానుకోండి.

ఒక్క అయస్కాంతం ఉన్న అరుదైన బండికి పెట్టుకున్నా, ఎర్త్ ప్లస్సా మైనస్సా చూసి కలపాలి. పైగా స్పార్కు పడే చోటు ఇకమీదట క్యామ్ చేతిలో ఉండదు, అయస్కాంతం ఉన్న చోటును బట్టి ఉంటుంది. కాబట్టి టైమింగ్ మళ్లీ కొలవాల్సిందే.

పూర్తి సీడీఐ సెట్టు

సీడీఐలో కరెంటు పుట్టించే ఎక్సైటర్ కాయిల్ సన్న తీగతో వేల చుట్లు చుట్టి ఉంటుంది. అది పుట్టించే వందల వోల్టులు బాక్సులోని కెపాసిటర్‌లో నిండుతాయి. మ్యాగ్నెట్ బయటి అంచు మీదున్న గడ్డ, స్పార్కు సమయాన్ని తెలిపే పల్సర్ కాయిల్ ముందుకు రాగానే బాక్సులో గేటు తెరుచుకుని, ఆ నిల్వంతా ఒక్క దెబ్బతో హెచ్‌టీ కాయిల్‌లోకి దూకుతుంది. వోల్టేజి చాలా వేగంగా లేస్తుంది కాబట్టి, ఆయిల్ జిడ్డు పట్టిన ప్లగ్గులో కూడా నిప్పు పడుతుంది. రెండు స్ట్రోకుల ఇంజన్‌కు ఇది పెద్ద మేలు. రాసుకునే భాగాలు లేవు కాబట్టి అరుగుదల లేదు. దుమ్ము దారిలో, బరువుతో, రోజంతా తిరిగే బండికి ఇంతకంటే మంచిది లేదని నా నమ్మకం.

చిక్కు అంతా అమరికలోనే ఉంది. ఫలానా బండి సెట్టు మీ బండికి అచ్చంగా పట్టేస్తుందని ఎవరైనా చెప్తే, మీ క్రాంక్‌ను చేతిలో పట్టుకుని చూసేదాకా నమ్మకండి. టీవీఎస్ 50 1980లో హోసూరులో మొదలైనప్పటి నుంచి ఆ వంశంలో ఎన్నో మార్పులు జరిగాయి. లూనా 1972లో ఇటలీ పియాజియో వాళ్ల చావో డిజైన్ మీద మొదలై చాలా రకాలుగా వచ్చింది. పేరు ఒకటే అయినంత మాత్రాన క్రాంక్ కొస ఒకటే కాదు.

మొదట చూడాల్సింది టేపర్, అంటే మ్యాగ్నెట్ కూర్చునే క్రాంక్ కొస వాలు. మ్యాగ్నెట్ మధ్య రంధ్రం లోపల మార్కర్ ఇంకుతో నిలువుగా నాలుగు గీతలు గీసి, కీ (మ్యాగ్నెట్‌కూ క్రాంక్‌కూ మధ్య గాడిలో కూర్చునే చిన్న ఇనుప ముక్క) లేకుండా క్రాంక్ మీద తోసి, కొంచెం తిప్పి తీయండి. ఇంకు పొడవునా సమంగా చెరిగితే టేపర్ కలిసింది. ఒక కొసలోనే చెరిగితే కలవలేదు, అక్కడే వదిలేయండి. లేత్ మీద బుష్ వేయిస్తానని ఎవరైనా అన్నా ఒప్పుకోకండి, ఆ వేగంలో తిరిగే బరువుకు అది సరిపోదు. చాలామంది కీ మ్యాగ్నెట్‌ను పట్టి ఉంచుతుందనుకుంటారు. కీ చేసేది చోటు చూపించడమే, పట్టు అంతా టేపర్‌దే. టేపర్ సరిగ్గా కూర్చోకపోతే చిన్న అర్ధచంద్రపు కీ తెగిపోతుంది, నడుస్తున్న బండి టైమింగ్ ఒక్కసారిగా మారిపోతుంది. టేపర్ దాదాపు సరిపోయి, అక్కడక్కడా చెరుగుతుంటే వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ కొద్దిగా రాసి, చేత్తో అటూ ఇటూ తిప్పి కూర్చోబెట్టొచ్చు. తర్వాత పేస్ట్ ఆనవాలు లేకుండా పెట్రోల్‌తో కడగాలి, టేపర్ మీద నూనె, గ్రీజు ఏదీ రాయకూడదు.

తర్వాత తిరిగే దిక్కు. మ్యాగ్నెట్ మీద సాధారణంగా బాణం గుర్తు ఉంటుంది. ఎడమకు తిరిగే ఇంజన్ మ్యాగ్నెట్‌ను కుడికి తిరిగేదానికి వేస్తే పల్సర్ గడ్డ తప్పు అంచు నుంచి ట్రిగ్గర్ అవుతుంది. రెండు వైర్లున్న పల్సర్ కాయిల్‌లో వైర్లు తారుమారైనా ఇదే గతి. స్పార్కు కనిపిస్తుంది, ప్లగ్గు బయట పెట్టి చూస్తే నీలంగా చటచటమంటుంది, బండి మాత్రం పెడల్‌ను కాలికి ఎదురు తన్నుతుంది. స్పార్కు ఉంది కదా అని కార్బురేటర్ విప్పేముందు ఈ వైర్లు మార్చి చూడాలి.

కాయిల్ ప్లేట్ రంధ్రాలు, మ్యాగ్నెట్‌కూ కాయిల్ కోర్‌కూ మధ్య ఖాళీ, కవరు పడుతుందా లేదా, ఇవి చూడగానే తెలిసిపోతాయి. పల్సర్‌కూ గడ్డకూ మధ్య గ్యాప్ సాధారణంగా అర మి.మీ. నుంచి ముప్పావు మి.మీ. దాకా ఉంటుంది. సెట్టు ఏ ఇంజన్‌దో ఆ ఇంజన్ లెక్కే పాటించాలి. హెచ్‌టీ కాయిల్‌ను పాయింట్ల బండిదే ఉంచి పొదుపు చేయకండి, సీడీఐకి వేరే రకం వైండింగ్ కావాలి. లైట్లు 6 వోల్టులవైతే, కొత్త ప్లేట్ 12 వోల్టులదైతే బల్బులూ హారనూ మార్చాలి, రెగ్యులేటర్ కూడా ఉండాలి. ఆఫ్ స్విచ్ విషయంలో అంత కష్టం లేదు. మ్యాగ్నెటో పాయింట్లలోనైనా, బ్యాటరీ లేని సీడీఐలోనైనా వైరును ఎర్త్ చేస్తేనే ఇంజన్ ఆగుతుంది. పాత స్విచ్ వైరును బాక్సు మీది స్టాప్ వైరుకు కలిపితే సరి.

బాక్సును సిలిండర్ పక్కన కట్టకండి. సీటు కింద, గాలి ఆడే చోట రబ్బరు బుష్ మీద పెట్టండి. ఐరోపాలో పాత మోపెడ్ల కోసం తయారయ్యే 12 వోల్టుల కిట్లు కూడా ఉన్నాయి. మీ క్రాంక్ కొలతలకు సరిపోయేది దొరికితే బాగుంటాయి, కానీ ఒక కాయిల్ పోతే మన ఊళ్లో దొరకదు. ఎక్సైటర్ కాయిల్‌ను వైండింగ్ షాపులో చుట్టించి సొంతంగా సెట్టు తయారుచేయడం ప్రయోగంగా బాగుంటుంది. వెంట్రుకంత తీగ వార్నిష్ సరిగ్గా పట్టకపోతే వణుకుకు తెగుతుంది, రోజువారీ బండికి అది నేను చెప్పను.

టైమింగ్ పెట్టడం

ఏ దారి ఎంచుకున్నా ముందు టీడీసీ, అంటే పిస్టన్ అన్నిటికంటే పైకి చేరే స్థానం, కచ్చితంగా కనుక్కోవాలి. ప్లగ్గు రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెట్టి, పైకి లేచి ఆగినప్పుడు టీడీసీ అనుకోవడం సరిపోదు. పైన పిస్టన్ చాలాసేపు కదలనట్టే ఉంటుంది, అక్కడ ఐదారు డిగ్రీల తేడా కంటికి తెలియదు. పాత ప్లగ్గు లోపలి పింగాణీ తీసేసి, దానిలో కొస గుండ్రంగా అరగదీసిన బోల్టు వేయించండి, లేత్ షాపులో చిన్న పని. దాన్ని ప్లగ్గు రంధ్రంలో బిగించి, మ్యాగ్నెట్‌ను చేత్తో మెల్లగా ఒక వైపు తిప్పండి, పిస్టన్ బోల్టుకు తగిలి ఆగుతుంది. క్రాంక్‌కేసు మీద ఒక స్థిరమైన గుర్తు పెట్టుకుని, దానికి ఎదురుగా మ్యాగ్నెట్ మీద గీత గీయండి. రెండో వైపు తిప్పి ఇంకో గీత. రెండింటికీ సరిగ్గా మధ్యలో ఉన్నదే టీడీసీ. బోల్టు పొడవు ఎంతైనా ఈ లెక్క తప్పదు.

ఇక అడ్వాన్స్, అంటే టీడీసీకి ఎంత ముందు నిప్పు పడాలన్న లెక్క. మాన్యువల్లో డిగ్రీల్లోగానీ, టీడీసీకి ముందు ఇన్ని మి.మీ. అనిగానీ ఉంటుంది. రెండూ ఒకటి కాదు, స్ట్రోకును బట్టి మారుతుంది. ఉదాహరణకు స్ట్రోకు 42 మి.మీ., కనెక్టింగ్ రాడ్ 85 మి.మీ. ఉన్న ఇంజన్‌లో 18 డిగ్రీలంటే పిస్టన్ టీడీసీకి 1.28 మి.మీ. కింద ఉంటుంది. 20 డిగ్రీలకు 1.57, 22 డిగ్రీలకు 1.89. అంటే పిస్టన్ దగ్గర మూడు పదో వంతుల మి.మీ. తేడా వస్తే టైమింగ్ రెండు డిగ్రీలు మారిపోతుంది. ప్లగ్గు రంధ్రంలో డయల్ గేజ్ పెట్టి కొలిస్తే ఇది తేలిక. గేజ్ లేకపోతే మ్యాగ్నెట్ అంచు మీద కొలవొచ్చు. బయటి వ్యాసం 100 మి.మీ. అయితే చుట్టుకొలత 314, ఒక డిగ్రీకి 0.87 మి.మీ. పడుతుంది. 20 డిగ్రీలకు టీడీసీ గీత నుంచి 17.5 మి.మీ. దూరంలో ఇంకో గీత. కాగితం పట్టీని అంచుకు చుట్టి కొలిస్తే వంకర మీద పొరపాటు రాదు. రెండో గీత ఏ పక్క గీయాలో జాగ్రత్త. మ్యాగ్నెట్ తిరిగే దిక్కున తిప్పుతుంటే క్రాంక్‌కేసు గుర్తు ముందుకు అది మొదట రావాలి, టీడీసీ గీత ఆ తర్వాత.

పాయింట్లకు ముందు గ్యాప్ పెట్టి, తర్వాతే టైమింగ్ చూడాలి. గ్యాప్ పెంచితే పాయింట్లు ముందే తెరుచుకుని టైమింగ్ అడ్వాన్స్ అవుతుంది, తగ్గిస్తే వెనక్కి పోతుంది కాబట్టి వరుస తారుమారు చేయకూడదు. పాయింట్లు తెరుచుకునే క్షణం పట్టుకోవడానికి బ్యాటరీ, బల్బు కలిపి పెడితే చాలామందికి బల్బు ఆరదు. ఎల్‌టీ కాయిల్ నిరోధం ఒక ఓమ్ దగ్గరే ఉంటుంది, పాయింట్లు తెరుచుకున్నా కరెంటు దానిగుండా ఎర్త్‌కు పోతూనే ఉంటుంది. కాయిల్ వైరు విడదీసి చూడాలి. లేదా సిగరెట్ ప్యాకెట్ లోపలి పలుచటి కాగితం ముక్కను పాయింట్ల మధ్య పెట్టి మెల్లగా లాగుతూ మ్యాగ్నెట్ తిప్పండి, జారిపోయిన చోటే తెరుచుకున్న చోటు. అక్కడ అడ్వాన్స్ గీత క్రాంక్‌కేసు గుర్తుతో కలవాలి. ముక్క తీశాక పాయింట్ల మధ్య నలుసు మిగలకుండా చూడండి.

కాయిల్ ప్లేట్‌ను మ్యాగ్నెట్ తిరిగే దిక్కుకు ఎదురు తిప్పితే టైమింగ్ ముందుకు, అదే దిక్కున తిప్పితే వెనక్కి. పాయింట్ల మ్యాగ్నెటోలో ఇంకో సూక్ష్మం ఉంది. పాయింట్లు తెరుచుకునే సమయానికి అయస్కాంతం కాయిల్ కోర్‌కు ఒక నిర్ణీత స్థానంలో ఉండాలి, అప్పుడే కాయిల్‌లో కరెంటు గరిష్ఠంగా ఉంటుంది. గ్యాప్‌ను అటూ ఇటూ లాగి టైమింగ్ సరిపెట్టుకుంటే ఈ స్థానం తప్పి, టైమింగ్ కచ్చితంగా ఉన్నా స్పార్కు బలహీనమవుతుంది. అందుకే గ్యాప్ మాన్యువల్లో ఉన్నంతే ఉంచి, ప్లేట్ తిప్పి మాత్రమే టైమింగ్ కలపాలి.

సీడీఐకి కాగితం ముక్క పనిచేయదు, బల్బూ పనిచేయదు. తిరుగుతున్నప్పుడు స్ట్రోబ్ లైటుతోనే, అంటే ప్రతి స్పార్కుకూ మెరిసే టైమింగ్ లైటుతోనే చూడాలి. ఆ లైటుకు పక్కన ఒక 12 వోల్టుల బైకు బ్యాటరీ పెట్టుకుని, క్లిప్పును ప్లగ్గు వైరుకు తగిలించండి, దాని మీద బాణం ఉంటే ప్లగ్గు వైపు చూపాలి. అడ్వాన్స్ గీతకు తెల్ల పెయింటు చుక్క పెట్టుకుంటే నీడలో బాగా కనిపిస్తుంది. చాలా సీడీఐ బాక్సులు ఐడిల్‌లో ఒకలా, వేగం పెరిగాక ఇంకోలా కొడతాయి, మరీ వేగంలో మళ్లీ వెనక్కి తగ్గిస్తాయి. కాబట్టి ఐడిల్‌లో ఒకసారి, యాక్సిలరేటర్ సగం తిప్పి ఇంకోసారి చూడండి. పాయింట్ల బండినీ లైటుతో చూడడం మంచిదే. గుర్తు ఒకచోట నిలబడకుండా అటూ ఇటూ వణుకుతుంటే బేరింగు అరిగిందని మళ్లీ చెప్తున్నట్టే.

మాన్యువల్లో ఒక పరిధి ఇచ్చి ఉంటే, మన ఎండకు తక్కువ అడ్వాన్స్ వైపే పెట్టమంటాను. ఎక్కువ అడ్వాన్స్ పెడితే బండి చురుగ్గా అనిపిస్తుంది, అందుకే చాలామంది అటు లాగుతారు. కానీ నిండు బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు లోపల టిక్కుటిక్కుమని చప్పుడు మొదలైతే పిస్టన్ తల కరుగుతున్నట్టే. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోల్. ఎథనాల్‌లో ఆక్సిజన్ ఉండడం వల్ల పాత కార్బురేటర్‌లో మిక్చర్ కొంచెం పలచనవుతుంది, వేడి పెరుగుతుంది. కాబట్టి ఈ విషయంలో పాతరోజులకంటే ఎక్కువ జాగ్రత్త కావాలి. అలాగని మరీ వెనక్కి పెట్టినా మంచిది కాదు, మంట ఆలస్యంగా మొదలై సైలెన్సర్ పైపు ఎర్రగా కాలుతుంది, బండి లాగదు, పెట్రోల్ తాగుతుంది.

ప్లగ్గు గ్యాప్ పాయింట్లకు సుమారు అర మి.మీ. చాలు, సీడీఐకి 0.6 లేదా 0.7 దాకా ఉంచొచ్చు. టైమింగ్ పెట్టాక బరువుతో ఒక పది కిలోమీటర్లు నడిపి, నడుస్తుండగానే ఆఫ్ స్విచ్ నొక్కి, ఐడిల్‌లో ఉంచకుండా ఆపేసి ప్లగ్గు తీసి చూడండి. పింగాణీ లేత గోధుమరంగులో ఉంటే సరిగ్గా ఉంది. తెల్లగా బూడిదలా, మెరిసే చుక్కలతో ఉంటే వేడి ఎక్కువైంది. టైమింగ్ ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి లాగి, కార్బురేటర్ జెట్టు, క్రాంక్ సీలు కూడా చూసి, మళ్లీ అదే దూరం నడిపి ప్లగ్గు చూడండి.